కాగితం లేని అద్దె ఒప్పందం చెల్లుతుందా, చెల్లితే ఎంతవరకు?

నెల్లూరు వేదాయపాళెం నుంచి ఒకరు అడిగిన ప్రశ్న ఇది. రెండేళ్ళుగా మేడ మీది పోర్షనులో నెలకు 9,000 రూపాయల బాడుగకు కుటుంబంతో ఉంటున్నారు. చేరేటప్పుడు అడ్వాన్సుగా 30,000 రూపాయలు నగదు ఇచ్చారు. కాగితమేదీ రాసుకోలేదు, "మూడేళ్ళ దాకా మిమ్మల్ని కదిలించను" అని ఇంటి యజమాని నోటిమాటగా భరోసా ఇచ్చారు. ఇప్పుడు తన కొడుకు వస్తున్నాడు కాబట్టి వారంలో ఖాళీ చేయాలని, ఉండాలనుకుంటే బాడుగ 13,000 ఇవ్వాలని అంటున్నారు. "అగ్రిమెంటే లేదు, నీకు హక్కెక్కడిది?" అని కూడా అన్నారట. ఇలా నోటిమాటతో కుదిరిన అద్దెకు చట్టంలో విలువ ఉందా అన్నది వారి సందేహం.

సమాధానం: విలువ ఉంది, అయితే అది నెలవారీ అద్దె వరకే. వారంలో వెళ్ళగొట్టే హక్కు ఆయనకు లేదు. మూడేళ్ళు ఉండి తీరతాననే హక్కు మీకూ లేదు. ఈ రెండో సగం వినడానికి అద్దెదారులెవరూ ఇష్టపడరు. కానీ నెల్లూరు, కావలి, ఒంగోలు కోర్టుల్లో అద్దె తగాదాలు నడిపినవాడిగా ముందు దాన్నే చెబుతాను, ఎందుకంటే అది తెలియకనే చాలామంది రాజీ కుదిరే అవకాశాన్ని చేజార్చుకుంటున్నారు.

కారణం 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 107వ సెక్షనులో ఉంది. ఏడాదికి మించిన గడువుతోనో, ఏడాది నుంచి ఏడాదికి సాగేలానో, ఏడాదికి ఇంత అని అద్దె కట్టేలానో ఇచ్చే లీజు రిజిస్టరు చేసిన దస్తావేజు ద్వారానే ఏర్పడుతుంది. మిగిలిన లీజులు రిజిస్టరు దస్తావేజు ద్వారా గానీ, నోటిమాటతో పాటు ఆస్తిని స్వాధీనం చేయడం ద్వారా గానీ ఏర్పడవచ్చు. మీ విషయంలో యజమాని తాళాలు ఇచ్చారు, మీరు కాపురం పెట్టారు, నెలనెలా బాడుగ ఇచ్చారు, ఆయన తీసుకున్నారు. ఆ క్షణం నుంచి మీరు చట్టబద్ధమైన నెలవారీ అద్దెదారు. మూడేళ్ళ మాట మాత్రం నోటిమాటగా చెల్లదు, దానికి రిజిస్ట్రేషను కావాలి. 2000 సంవత్సరంలో ఆంథొనీ, ఇట్టూప్ అండ్ సన్స్ మధ్య కేసులో సుప్రీంకోర్టు ఇదే తేల్చింది: రిజిస్టరు కాని దీర్ఘకాల లీజు పత్రం ఆ గడువును ఇవ్వలేదు గానీ, స్వాధీనం ఇచ్చి అద్దె తీసుకున్నందువల్ల నెలవారీ అద్దె సంబంధం మాత్రం నిలుస్తుంది.

నెలవారీ అద్దెను ముగించాలంటే అదే చట్టం 106వ సెక్షను ప్రకారం 15 రోజుల నోటీసు ఇవ్వాలి. ఆ నోటీసు రాతపూర్వకంగా ఉండాలి, ఇచ్చేవారి సంతకం ఉండాలి, 15 రోజులు మీకు అందిన తేదీ నుంచి లెక్కకు వస్తాయి. మెట్ల మీద నిలబడి "వచ్చే ఆదివారానికి సామాన్లు తీసేయండి" అనడం నోటీసు కాదు. ఇంకో సంగతి, 15 రోజులు గడిచాయి కదా అని యజమాని తానే వచ్చి మిమ్మల్ని బయటకు పంపడానికి వీల్లేదు. మీరు ఖాళీ చేయకపోతే ఆయన చట్టప్రకారం దావాకు వెళ్ళి ఉత్తర్వు తెచ్చుకోవాలి. అక్కడ ఎంత కాలం పడుతుందో యజమానులకూ తెలుసు, వారి న్యాయవాదులకు ఇంకా బాగా తెలుసు. అందుకే బెదిరింపులన్నీ కోర్టు మెట్లెక్కకముందే వస్తాయి.

బాడుగ పెంపు గురించి కూడా అడిగారు. మీరు ఒప్పుకోనంతవరకు 13,000 మీ అద్దె కాదు, 9,000 మాత్రమే. కానీ ఒప్పుకోకపోతే 15 రోజుల నోటీసు ఇచ్చే వీలు ఆయనకు ఉంది కాబట్టి, ఈ హక్కును బేరానికి వాడుకోవచ్చే గానీ దాని మీద ఇల్లు కట్టుకోలేరు. ఈలోగా 9,000 బాడుగ మాత్రం ఒక్క నెల కూడా ఆపకండి. తీసుకోనంటే బ్యాంకు ఖాతాకు పంపండి. ఖాతా వివరాలు ఇవ్వకపోతే చెక్కు రాసి స్పీడ్ పోస్టులో, అందినట్టు రుజువు ఉండేలా పంపండి. అద్దె ఎగ్గొట్టారన్న ఒక్క మాట మీ మీద పడితే మిగిలిన వాదనలన్నీ పలచబడతాయి.

ఇక చట్టం కన్నా ఎక్కువ కేసులు తేలే చోటికి వస్తాను, అది రుజువు. కాగితం లేదన్నది నిజమే, కానీ ఆధారం లేదనుకోవడం పొరపాటు. ఫోన్‌పే ద్వారానో బ్యాంకు ద్వారానో ప్రతి నెలా దాదాపు ఒకే తేదీన, ఒకే మొత్తం, ఒకే మనిషికి వెళుతూ ఉంటే అది ఎవరూ కొట్టిపారేయలేని సాక్ష్యం. ఇరవై నాలుగు సార్లు 9,000 పంపిన ఖాతా ముందు పెట్టి, "ఇతను నా ఇంట్లో చుట్టపుచూపుగా ఉన్నాడు" అని ఏ యజమానీ అనలేడు. ఆ చిరునామాతో ఉన్న ఆధార్, గ్యాస్ సిలిండరు డెలివరీ రసీదులు, పిల్లల బడి దరఖాస్తు, మీ పేరున వచ్చిన పోస్టు, కింది పోర్షను వారి సాక్ష్యం, ఇవన్నీ కలిసి బలపడతాయి. కరెంటు మీటరు యజమాని పేరునే ఉంటుంది కాబట్టి బిల్లు ఒక్కటే చాలదు. కానీ ఆ సర్వీసు నంబరుకు మీ ఫోను నుంచి డబ్బు కట్టిన చరిత్ర తోడైతే అదే మంచి ఆధారమవుతుంది.

బాడుగ నగదుగా ఇచ్చేవారికి ఈ సౌకర్యం ఉండదు. ఈ నెల నుంచైనా మార్చండి. యజమాని "నాకు నగదే కావాలి" అంటే ఇచ్చిన వెంటనే, ఈ నెల బాడుగ ఇంత నగదుగా ఇచ్చానని ఆయనకు వాట్సాప్‌లో ఒక వాక్యం పంపండి.

మీ అడ్వాన్సు విషయంలోనూ అదే పద్ధతి. నగదు ఇచ్చారు, రసీదు లేదు. గొడవ ముదిరాక ఆ 30,000 సంగతి ఆయన నోటి నుంచి రాదు, ఇంకా మాటామంతీ నడుస్తున్నప్పుడే రాబట్టాలి. నా దగ్గరకు వచ్చేవారి చేత నేను పంపించే మెసేజీ దాదాపు ఇలా ఉంటుంది: "అన్నా, మీరు చెప్పినట్టే ఇల్లు చూసుకుంటున్నాం. మేం చేరినప్పుడు మీకిచ్చిన 30,000 అడ్వాన్సు తిరిగిస్తే కొత్త ఇంటికి కట్టాలి. ఎప్పుడిస్తారో చెప్పగలరు." దీనికి "తాళాలు ఇచ్చాక చూద్దాంలే" అనో, "సున్నం ఖర్చు పట్టుకుని మిగిలింది ఇస్తా" అనో జవాబు వస్తే అడ్వాన్సు తీసుకున్న సంగతి ఆయనే ఒప్పుకున్నట్టు లెక్క. మెసేజీలో కోపం, చట్టం, కోర్టు అనే మాటలేవీ ఉండకూడదు. అవి కనిపిస్తే అవతలివారు జాగ్రత్త పడతారు, ఇక జవాబే రాదు. ఆ సంభాషణ ఉన్న ఫోనును అమ్మేయకండి, మార్చేయకండి. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షను ప్రకారం ఇలాంటి ఎలక్ట్రానిక్ రికార్డు నకలును కోర్టులో పెట్టడానికి ధ్రువపత్రం జతచేయాలి. ఫోను చేతిలో ఉంటే ఆ పని సులువు.

అడ్వాన్సును చివరి నెలల బాడుగలో జమ చేసుకోవడం మన ఊళ్ళలో మామూలే. అది ఇద్దరూ అనుకుని చేస్తే ఏ తప్పూ లేదు. యజమాని ఒప్పుకున్నట్టు ఒక్క మెసేజీ కూడా లేకుండా మీ అంతట మీరు బాడుగ ఆపేస్తే మాత్రం రేపు దాన్ని బకాయి అంటారు.

కాగితం రాసుకున్నవారు తాము సురక్షితమని అనుకోవడం నేను తరచూ చూసే మరో భ్రమ. ఏడాది దాటితేనే రిజిస్ట్రేషను కదా, 11 నెలలకు రాసుకుంటే సరిపోతుందని టైపిస్టు దగ్గర నుంచి బంధువుల దాకా అందరూ చెబుతారు. చాలా రాష్ట్రాల్లో ఆ మాట నిజమే. ఆంధ్రప్రదేశ్‌లో మాత్రం 11 నెలల చిట్కా పనిచేయదు. మన రాష్ట్రం రిజిస్ట్రేషను చట్టం 17వ సెక్షనుకు చేసిన సవరణ 1999 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. దాని ప్రకారం స్థిరాస్తి లీజు పత్రం ఎంత గడువుకు రాసినా రిజిస్టరు చేయాల్సిందే. చేయకపోతే అదే చట్టం 49వ సెక్షను కింద ఆ పత్రంలోని షరతులను, అంటే గడువును, ఏటా పెంచాల్సిన శాతాన్ని, ముందుగా ఖాళీ చేస్తే కట్టాల్సిన మొత్తాన్ని రుజువు చేయడానికి కోర్టు దాన్ని తీసుకోదు. మీరు అద్దెదారుగానే ఆ ఇంట్లోకి వచ్చారు అన్నంతవరకు, అంటే మీ స్వాధీనం ఎలాంటిదో చూపడానికి మాత్రం అనుషంగికంగా, అంటే పక్క ఆధారంగా చూస్తుంది.

అది కూడా స్టాంపు సరిగా ఉంటేనే. అద్దె మొత్తాన్ని, గడువును బట్టి కట్టాల్సిన సుంకం లెక్క ఉంటుంది. 100 రూపాయల కాగితం మీద ఏం రాసినా చాలుననుకోవడం అలవాటుగా వస్తున్న నమ్మకం మాత్రమే. స్టాంపు తక్కువైన పత్రాన్ని అనుషంగిక ప్రయోజనానికి కూడా చూడరాదని 2008 డిసెంబరులో అవినాశ్ కుమార్ చౌహాన్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. లోటు సుంకం, దానితో పాటు పది రెట్ల వరకు ఉండగల జరిమానా కడితే గానీ ఆ కాగితం సాక్ష్యంగా లోపలికి రాదు. నోటరీ ముద్ర వేయించాం కదా అంటారు. నోటరీ సంతకాలను ధ్రువీకరిస్తాడు, అంతే. ఆ ముద్ర రిజిస్ట్రేషనుకు గానీ స్టాంపుకు గానీ ప్రత్యామ్నాయం కాదు. స్టాంపు కాగితం కొని ఆరు నెలలు దాటితే చెల్లదన్న మాట కూడా నిజం కాదు; ఆ గడువు వాడని కాగితానికి డబ్బు వాపసు అడగడానికే గానీ, దాని మీద ఒప్పందం రాయడానికి కాదని 2008లోనే సుప్రీంకోర్టు స్పష్టం చేసింది.

ఈ భ్రమ ఎంత ఖరీదైనదో పొగతోటలో ఒక ల్యాబు యజమాని ద్వారా చూశాను. ఆసుపత్రుల వీధి కావడంతో అద్దె ఎక్కువైనా తీసుకున్నారు, అయిదేళ్ళకు 100 రూపాయల స్టాంపు కాగితం మీద రాయించి నోటరీ చేయించారు. ఆ అయిదేళ్ళను నమ్ముకుని గాజు గదులు, ఏసీలు, నీటి పైపులు సొంత డబ్బుతో పెట్టించారు. రెండో ఏడాదిలో ఎక్కువ అద్దె ఇచ్చేవారు దొరకగానే భవనం యజమాని 15 రోజుల నోటీసు పంపించారు. ఆ కాగితాన్ని ఆధారం చేసుకుని అయిదేళ్ళు ఉంటామని వాదించే దారి మాకు లేదు. నిలబడగలిగింది నెలవారీ అద్దెదారు అన్నంతవరకే. చివరికి లోక్ అదాలత్‌లో ఆరు నెలల వ్యవధి, ఏసీలు పట్టుకెళ్ళే ఒప్పుదల మీద రాజీ అయింది. గాజు గదులు అక్కడే ఉండిపోయాయి. రిజిస్ట్రేషనుకు అయ్యే ఖర్చు ఆ అద్దాల ఖరీదులో కొంచెం కూడా ఉండేది కాదు. దుకాణం, ల్యాబు, హోటలు, గోడౌను వంటివాటికి సొంత డబ్బు పెట్టాల్సి వచ్చినప్పుడు రిజిస్టరు చేయని లీజు మీద ఆధారపడకండి.

ప్రకాశం జిల్లాలో ఇదే సమస్య మరో రూపంలో కనిపిస్తుంది. టంగుటూరు, కొండపి వైపు పొగాకు ఆకును వేడితో ఆరబెట్టే బ్యారన్లు, శనగలు నిల్వ చేసే గోడౌన్లు "ఏడాదికి ఇంత" అని మాట్లాడుకుని, పంట డబ్బు చేతికి వచ్చాక ఒకేసారి ఇవ్వడం ఆనవాయితీ. ఒక్క ఏడాదికే కదా అనుకుంటారు గానీ, పైన చెప్పిన 107వ సెక్షనులో ఏడాది అద్దె లెక్కన ఇచ్చే లీజు కూడా ఉంది; దానికి రిజిస్ట్రేషను తప్పదు. సాగు భూముల కౌలుకు వేరే చట్టాలున్నాయి, వాటిని ఈ సమాధానంలో కలపను.

రెంట్ కంట్రోలు సంగతి కూడా చాలామంది అడుగుతారు. 1960 నాటి అద్దె నియంత్రణ చట్టం స్థానంలో రాష్ట్రం 2017లో కొత్త అద్దె చట్టం తెచ్చింది, అద్దె ఒప్పందం రాతలోనే ఉండాలన్నది దాని దారి. అంతమాత్రాన నోటిమాటతో చేరినవారు ఆక్రమణదారులైపోరు. ఇక రెండు నెలల అడ్వాన్సుకు మించి తీసుకోకూడదని వాట్సాప్‌లో తిరిగే మాట కేంద్రం 2021లో విడుదల చేసిన నమూనా అద్దె చట్టంలోది. అది రాష్ట్రాలకు ఇచ్చిన నమూనా. దాన్ని పట్టుకుని నేరుగా యజమాని మీదకు వెళ్ళలేరు.

మీ యజమాని మాటల దశ దాటి చేతల్లోకి దిగితే ఏం చేయాలన్నది అన్నిటికన్నా ముఖ్యం. ఒంగోలు భాగ్యనగర్‌లో ఒక కుటుంబం సంక్రాంతికి సొంతూరు వెళ్ళి వచ్చేసరికి తలుపుకు తమ తాళం మీద మరో తాళం వేలాడుతోంది. సామాన్లు లోపలే, పిల్లల పుస్తకాలతో సహా. వారి దగ్గరా అగ్రిమెంటు లేదు. తాళం పగలగొట్టబోతున్న అద్దెదారును అతని భార్యే ఆపింది, మంచి పని చేసింది. పగలగొట్టి ఉంటే తగాదా స్వరూపమే మారిపోయేది. తాళానికి తేదీ కనిపించేలా ఫొటోలు తీయించాం, పోలీసు స్టేషనులో రాతపూర్వక ఫిర్యాదు ఇచ్చి రసీదు తీసుకున్నాం, నిర్దిష్ట ఉపశమన చట్టం 1963లోని 6వ సెక్షను కింద దావా వేశాం. సమ్మతి లేకుండా, చట్ట ప్రక్రియ లేకుండా స్వాధీనం కోల్పోయినవారు ఆ సెక్షను కింద తిరిగి స్వాధీనం కోరవచ్చు. ఇల్లు ఎవరిదన్న ప్రశ్నలోకి కోర్టు వెళ్ళదు, ఎవరు ఉంటున్నారు, ఎలా బయటపడ్డారు అన్నదే చూస్తుంది. గడువు ఆరు నెలలు మాత్రమే. పెద్దమనుషుల పంచాయతీలతో ఆ ఆరు నెలలూ గడిపేసి వచ్చినవారికి ఈ దారి మూసుకుపోతుంది. ఆ ఒంగోలు యజమాని కోర్టు నోటీసు అందిన తర్వాత తానే వచ్చి తాళం తీశాడు. స్థిరంగా స్వాధీనంలో ఉన్నవారిని, ఉండే హక్కు లేకపోయినా, చట్టప్రకారం తప్ప వెళ్ళగొట్టరాదని 1989లో కృష్ణరామ్ మహాలే కేసులో సుప్రీంకోర్టు చెప్పిన మాట ఇప్పటికీ నిలిచే ఉంది.

నీళ్ళు, కరెంటు ఆపేయడం ఇదే పనికి మరో పద్ధతి. దానికి సివిల్ కోర్టులో ఇంజంక్షను, అంటే అలా చేయవద్దనే ఉత్తర్వు అడగవచ్చు. పోలీసులు "ఇది సివిల్ తగాదా" అని పంపించేస్తారని మీరు అనుకోవచ్చు. ఖాళీ చేయించడం, చేయించకపోవడం వారి పని కాదన్నది నిజమే. కానీ ఇంట్లోకి చొరబడటం, సామాన్లు వీధిలో పారేయడం నేరాలు. ఆ మేరకు ఫిర్యాదు రాసి ఇవ్వండి.

యజమానులకు కూడా ఒక మాట. పన్నెండేళ్ళు ఉంటే ఇల్లు అద్దెదారుదైపోతుందన్న భయంతో మంచి కుటుంబాలను కూడా 11 నెలలకోసారి మార్చేవారు నాకు తెలుసు. అద్దె కడుతూ, మీ అనుమతితో ఉన్నవారు ఎన్నేళ్ళు ఉన్నా అద్దెదారులే. ఆ ఇల్లు మీది కాదని వాదించే వీలు కూడా చట్టం వారికి ఇవ్వదు. ఈ మాట అద్దెదారులకూ వర్తిస్తుంది: కోపంలోనైనా "ఈ ఇల్లు నీదని రుజువేమిటి?" అని రాతలో అనకండి, యజమాని హక్కును కాదనడమే మీ లీజు రద్దు కావడానికి కారణం కాగలదు.

ఇప్పుడు మీ విషయంలో నా సలహా. మూడేళ్ళ మాటను పట్టుకుని పోరాడకండి. కొడుకు వస్తున్నాడన్నది నిజమైనా కాకపోయినా, రాతపూర్వక నోటీసుతో ఆయన ఈ అద్దెను ముగించగలరు. మీ చేతిలో ఉన్న బలం వ్యవధి. నోటీసు, దావా అంటూ ఆయన నడవాల్సిన దూరం గుర్తుచేసి, పిల్లల పరీక్షలు అయ్యేదాకా రెండు మూడు నెలలు పాత బాడుగకే ఉంటామని, వెళ్ళే రోజున అడ్వాన్సు చేతికి ఇవ్వాలని అడగండి. నేను చూసినవాటిలో ఎక్కువభాగం ఇలాగే తెగాయి. ఆ మాట కుదిరితే ఒక తెల్లకాగితం మీద రాసి ఇద్దరూ సంతకం చేయండి, లేదా కనీసం మెసేజీలో ఆయన చేత "సరే" అనిపించండి.

అడ్వాన్సు దగ్గర పేచీ పెడితే వెంటనే దావాకు పోనక్కర్లేదు. నెల్లూరులోనూ ఒంగోలులోనూ కోర్టు ఆవరణలోనే జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉంటుంది. దావా వేయకముందే అక్కడ దరఖాస్తు ఇస్తే యజమానిని పిలిపిస్తారు, కోర్టు ఫీజు ఉండదు. లోక్ అదాలత్‌లో కుదిరిన రాజీకి సివిల్ కోర్టు డిక్రీతో, అంటే తీర్పు ఉత్తర్వుతో సమానమైన విలువ ఉంటుంది, దాని మీద అప్పీలు లేదు. మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో పనిలేకుండా ఉచితంగా న్యాయవాదిని కూడా ఇస్తారు. ఈ ఇల్లు మీ భార్య పేరున మాట్లాడుకుని ఉంటే, ఆమె చేతనే దరఖాస్తు పెట్టించండి.

ఖాళీ చేసే రోజున గదులన్నీ ఖాళీగా ఉన్నప్పుడు వీడియో తీసి, కరెంటు మీటరు రీడింగు ఫొటో తీసి, ఆ నెల బిల్లు కట్టేయండి. తాళాలు పని మనిషి చేతిలోనో పక్కింట్లోనో ఇవ్వకుండా యజమానికే ఇచ్చి, "ఈరోజు తాళాలు అందించాను" అని మెసేజీ పంపండి. అప్పటికి అడ్వాన్సు చేతికి రాకపోతే, ఎంత రావాలో, ఎప్పటికి ఇస్తామన్నారో అదే మెసేజీలో చేర్చండి.